వారపు రిపోర్టులో మూడు వాక్యాలు: జపనీస్ క్లయింట్ ఎందుకు దూరమయ్యాడు?

హైదరాబాద్‌లో జపాన్ కంపెనీలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లకు జపనీస్ నేర్పడం, వాళ్లు రాసే రిపోర్టులు, మెయిళ్లు చూసి సరిదిద్దడం నా పని. అలా నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఇది ఒకటి. మనుషుల్ని, కంపెనీలని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. వాక్యాల వ్యాకరణం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే కేసంతా అందులోనే ఉంది. జపనీస్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లకీ, నేర్పుతున్నవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

సమస్య ఎలా వచ్చింది

ఆ టీమ్‌లో ఒక అమ్మాయిది బ్రిడ్జ్ ఇంజినీర్ పని. జపాన్ వాళ్లు "బురిజ్జి ఎస్‌ఈ" అంటారు. ఇక్కడి డెవలపర్లకీ అక్కడి క్లయింట్‌కీ మధ్య మాట చేరవేసేది ఆమే. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో పైనుంచి రెండో స్థాయి అయిన ఎన్2 పాసైంది, చదవడం బాగా వచ్చు, కష్టపడే మనిషి. ప్రతి శుక్రవారం క్లయింట్‌కి జపనీస్‌లో వారపు రిపోర్టు రాసేది.

మేనేజర్ నాకు ఫోన్ చేసి చెప్పింది ఇదీ: "పని టైముకే ఇస్తున్నాం మేడమ్, బగ్స్ కూడా తగ్గాయి. అయినా వాళ్లు ముందులా మాట్లాడట్లేదు. టెక్నికల్‌గా ఏ కంప్లైంటూ లేదు. ఏం జరిగిందో మీరే చూడండి."

రెండు వైపుల మెయిళ్లూ తెప్పించుకుని తేదీల వరసలో చదివాను. మొదట్లో క్లయింట్ జవాబులు రెండు మూడు లైన్లలో ఉండేవి. చిన్న సందేహాలు చాట్‌లో అడిగేవాడు. ఒక దశ దాటాక జవాబులు పొడుగయ్యాయి, గౌరవ రూపాలు పెరిగాయి, చాట్ ఆగిపోయి అన్నీ మెయిల్లో రావడం మొదలైంది, సీసీలో వాళ్ల పైవాళ్లు చేరారు. ఆ మెయిళ్లలో ఒకటి "తబితబి నొ హెంకో దె గొమెయ్‌వకు ఒ ఒకకె షి, మోషివకె గొజైమసెన్" అని మొదలైంది. మాటిమాటికీ మార్పులతో మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి అని అర్థం. ఇది చూసి ఇక్కడ టీమ్ సంతోషించింది. క్లయింటే సారీ చెప్పాడు, మన కష్టం గుర్తించాడు అనుకున్నారు.

నాకు మాత్రం అక్కడే అనుమానం వచ్చింది. నువ్వు, నువ్వు అని మాట్లాడే మేనమామ ఒక రోజు హఠాత్తుగా "తమరు చెప్పండి" అంటే మనకి గౌరవం పెరిగిందని ఎవరూ అనుకోరు. జపనీస్‌లోనూ అంతే. పని సాఫీగా సాగుతున్నప్పుడు కారణం లేకుండా మర్యాద మోతాదు పెరిగిందంటే అవతలి మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడని అర్థం. అడగని క్షమాపణ వచ్చిందంటే, మనం ఎక్కడో ఫిర్యాదు చేసినట్టు వాళ్లకి వినబడి ఉండాలి. ఆ ఫిర్యాదు ఎక్కడుందో వెతకడానికి ఆ మెయిల్ కంటే ముందు వెళ్లిన రిపోర్టులు తీశాను.

దొరికిన వాక్యాలు

మూడు వాక్యాలు పక్కన పెట్టాను.

ఒకటి: "ఒక్యకుసమ ని షియో ఒ హెంకో సరెమషిత." ఆమె చెప్పాలనుకున్నది, స్పెసిఫికేషన్ క్లయింట్ చేత మార్చబడింది అని.

రెండు: "హిన్షిత్సు హొషో నొ గొతంతోష సమ వ ఫుఆన్ దెసు." ఆమె చెప్పాలనుకున్నది, మీ క్వాలిటీ విభాగం బాధ్యులు ఆందోళనగా ఉన్నారు అని.

మూడు: "తెసుతొ కెక్క వ రైషూ మతొమెతె అగెమసు." టెస్ట్ ఫలితాలు వచ్చే వారం క్రోడీకరించి ఇస్తాను అని.

వీటిలో వ్యాకరణ పుస్తకం తప్పు అని కొట్టేసే వాక్యం ఒక్కటీ లేదు. వాక్యాల చివర మర్యాద రూపాలైన "మసు", "దెసు" ఉన్నాయి, గౌరవం తెచ్చే "సమ" ఉంది, "గొ" ఉంది. మర్యాద తక్కువైంది అనడానికి వీల్లేదు. మరి జపాన్‌లో కూర్చుని చదివిన మనిషికి ఇవి ఎలా వినబడ్డాయి?

మొదటిది: "మేం ఏం చేస్తాం, మీరు స్పెసిఫికేషన్ మార్చేశారు." రెండోది: "మీ క్వాలిటీ ఆయన సంగతి తలుచుకుంటే నాకు భయంగా ఉంది." మూడోది: "సరే, మీ కోసం చేసిపెడతాలే."

ఇవి మూడూ ఒకే రిపోర్టులో రాలేదు, కొన్ని వారాల తేడాతో వచ్చాయి. కానీ చదివేవాడి మనసులో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

ఎందుకిలా: తెలుగు క్రియ చేసే పని జపనీస్ క్రియ చేయదు

ఈ కేసులో నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

తెలుగులోనూ జపనీస్‌లోనూ కర్తని వదిలేస్తాం. "నిన్న చెప్పాను కదా" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు. పైగా రెండింట్లోనూ క్రియ చివర్లో వస్తుంది, విభక్తులు నామవాచకం తర్వాత వస్తాయి. అందుకే జపనీస్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు మొదటి నెలల్లో చాలా హాయిగా సాగిపోతారు. అయితే తెలుగులో కర్తని వదిలేయగలగడానికి కారణం క్రియ చివర కర్త దాగి ఉండటం. చెప్పాను, చెప్పావు, చెప్పాడు, చెప్పారు: చివరి అక్షరం వినగానే ఎవరో తెలిసిపోతుంది. జపనీస్ "ఇఇమషిత"లో ఆ సమాచారం లేదు. నేను చెప్పినా, నువ్వు చెప్పినా, వాళ్లు చెప్పినా "ఇఇమషిత"యే.

మరి జపనీయులు రోజంతా కర్త లేకుండా ఎలా మాట్లాడుకుంటారు? మనుషుల మధ్య సంబంధాన్ని క్రియలో పెట్టి. "ఒష్షైమషిత" అంటే చెప్పింది నేను కాదు, నేను గౌరవించాల్సిన మనిషి. "మోషిఅగెమషిత" అంటే చెప్పింది నేను, విన్నది పెద్దవాళ్లు. "చెప్పడం"తో పాటు "కుదసైమషిత" చేరితే బయటి మనిషి నాకు గానీ నా వాళ్లకు గానీ చెప్పి మేలు చేశారని. "ఇతదకిమషిత" చేరితే ఆ మేలు పొందింది నేనని. తెలుగులో "ను", "వు", "రు" చేసే పనిని అక్కడ పెద్దా చిన్నా, లోపలా బయటా, ఇచ్చేదీ పుచ్చుకునేదీ అనే లెక్కలు చేస్తాయి.

దీన్నుంచి తేలేదేమిటంటే, గౌరవ రూపం వదిలేస్తే మర్యాద ఒక్కటే పోదు, ఎవరు ఎవరికి ఏం చేశారన్న సమాచారమే పోతుంది. ఖాళీ అయిన ఆ చోటిని చదివేవాడు తనకి తోచిన మనిషితో నింపుకుంటాడు. మూడు వాక్యాల్లోనూ జరిగింది అదే. ఎక్కడా "నేను" అనే మాట లేదు. అయినా ప్రతి వాక్యంలోనూ "నేను" వచ్చి కూర్చుంది, ఉండకూడని చోట.

మొదటి వాక్యం చూడండి. "షియో ఒ"లో "ఒ" కర్మ విభక్తి. స్పెసిఫికేషన్ కర్మగానే మిగిలింది, "ఒక్యకుసమ ని" వల్ల క్లయింట్ చేసినవాడయ్యాడు, క్రియ "సరెరు" రూపంలో ఉంది. అప్పుడు వాక్యానికి కర్త ఎవరు? పైకి కనబడడు. జపనీస్ వ్యాకరణం ప్రకారం ఈ నిర్మాణంలో దాగి ఉన్న కర్త ఆ పని వల్ల ఇబ్బంది పడ్డవాడు, అంటే రాసినవాడు. జపనీస్‌లో వానకి కూడా ఈ రూపం వాడతారు: "అమె ని ఫురరెత" అంటే వాన పడి నేను అవస్థ పడ్డాను. పిల్లవాడు ఏడ్చి నిద్ర చెడగొడితే "కొదొమొ ని నకరెత". కురవడం, ఏడవడం అకర్మక క్రియలు, మన "బడు"తో వీటికి లంకె కుదరదు. ఇది కర్మణి ప్రయోగం అనుకోవడం కంటే బాధితుడి ప్రయోగం అనుకుంటే మనకి త్వరగా అర్థమవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇదే "సరెమషిత" గౌరవ రూపం కూడా. "ఒక్యకుసమ గ షియో ఒ హెంకో సరెమషిత" అంటే క్లయింట్ గారు స్పెసిఫికేషన్ మార్చారు అని, పూర్తి మర్యాదతో. "గ" బదులు "ని" పడింది, గౌరవం కాస్తా నిష్ఠూరం అయింది.

తెలుగులో దీనికి చాలా దగ్గరగా వచ్చేది "మార్చారు", "మార్చేశారు" అనే తేడా. "మార్చారు" అంటే జరిగింది చెప్పడం. "మార్చేశారు" అనగానే, అందులోనూ ఆఫీసులో, ఎవరో చెప్పకుండా చేశారన్న ధ్వని వస్తుంది. ఆమె రాసింది "మార్చారు" అనుకుని. అక్కడ చదివింది "మార్చేశారు" అని.

ఈ వాక్యం ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కనుక్కున్నాను. మాట్లాడే తెలుగులో "మార్చబడింది" అని ఎవరూ అనరు. ఆఫీసు ఇంగ్లీషులో మాత్రం ఎవరినీ వేలెత్తి చూపకుండా ఉండాలంటే కర్మణి ప్రయోగమే మర్యాద. క్లాసుల్లో జపనీస్ "సరెరు"ని ఇంగ్లీషు కర్మణికి సమానమని నేర్పుతారు. ఆమె ఇంగ్లీషులో మర్యాదగా ఆలోచించి, దాన్నే జపనీస్‌లోకి తెచ్చింది. స్పెసిఫికేషన్‌ని "గ"తో కర్తని చేసి, చేసినవాడికి "ని యొత్తె" పెడితే ఆ తటస్థత కొంత వచ్చేది. కానీ రిపోర్టులో జపనీయులు సహజంగా రాసేది "షియో గ హెంకో ని నరిమషిత", అంటే మార్పు జరిగింది, ఎవరు చేశారన్న ఊసే లేదు. ఆ కబురు క్లయింటే పంపారని చెప్పాల్సి వస్తే "షియో హెంకో నొ గొరెన్రకు ఒ ఇతదకిమషిత", మార్పు గురించి మీ నుంచి సమాచారం అందుకున్నాం అని.

రెండో వాక్యం నిజంగా ప్రమాదకరమైంది. సంతోషం, భయం, దిగులు చెప్పే మాటలు జపనీస్‌లో సూటిగా వాడితే అవి మాట్లాడేవాడి మనసువే. "ఫుఆన్ దెసు" అంటే నాకు దిగులుగా ఉంది. తెలుగులో "ఆయనకి దిగులుగా ఉంది" అన్నప్పుడు "కి" ఆ దిగులు ఎవరిదో తేల్చేస్తుంది. జపనీస్ "వ" ఆ పని చేయదు. అది "ఫలానా ఆయన విషయానికొస్తే" అని మాత్రమే అంటుంది. క్వాలిటీ ఆయన విషయానికొస్తే, దిగులుగా ఉంది. ఎవరికి? రాసినవాళ్లకి. అలా క్లయింట్ సంస్థలోని ఒక పెద్దమనిషి మీద ఇక్కడి జూనియర్ అపనమ్మకం ప్రకటించినట్టయింది.

పక్కవాడి మనసులో ఏముందో నీకెలా తెలుసు అన్న పట్టింపు ఆ వ్యాకరణంలోనే ఉంది. తెలుగులో కూడా "ఆయన కంగారుపడుతున్నట్టున్నారు" అంటాం, కానీ "కంగారుపడుతున్నారు" అన్నా తప్పులేదు. జపనీస్‌లో ఆ "ట్టున్నారు" దాదాపు తప్పనిసరి. "గొషింపై సరెతె ఇరు యో దెసు" అంటే ఆందోళన పడుతున్నట్టున్నారు అని. అయితే క్లయింట్‌కి రాసే రిపోర్టులో వాళ్ల మనిషి మనసు గురించి వాళ్లకే చెప్పడం కంటే "గొషింపై ఒ ఒకకె షితె ఒరిమసు", మీకు ఆందోళన కలిగిస్తున్నాం అని మన వైపు నుంచి చెప్పడం మేలు. ఇక్కడ "నేను" ఉంది, సరైన చోట ఉంది.

మూడో వాక్యంలో దోషం తెలుగు నుంచే వచ్చింది. "రిపోర్టు రెడీ చేసిస్తాను సార్" అన్న మాటలో మనకి ఏ పొగరూ వినబడదు, వినయమే వినబడుతుంది. "చేసి ఇవ్వడం"ని అక్షరాలా మారిస్తే "షితె అగెరు" వస్తుంది. స్నేహితుల మధ్య అది బాగానే ఉంటుంది. పెద్దవాళ్ల ముఖం మీదే అంటే మీకో మేలు చేస్తున్నాను, గుర్తుపెట్టుకోండి అన్నట్టు ఉంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, "అగెమసు" బదులు అంతకంటే వినయమైన "సషిఅగెమసు" పెట్టినా ఇది బాగుపడదు. వినయం పెరిగినా మేలు మేలుగానే ఉంటుంది. ఇచ్చిపుచ్చుకునే లెక్కనే వాక్యంలోంచి తీసేయాలి: "రైషూ మతొమెతె ఒఒకురి ఇతషిమసు", వచ్చే వారం క్రోడీకరించి పంపుతాను.

కాల్స్‌లో దొరికింది

మెయిళ్లతో పాటు కొన్ని కాల్ రికార్డింగులు కూడా ఇచ్చారు. అందులో ఇక్కడి మేనేజర్ గురించి క్లయింట్ అడిగితే ఆమె "బుచో సన్ వ ఇరష్షైమసెన్" అంది. మా మేనేజర్ గారు లేరండి అని తెలుగులో ఎంత పద్ధతిగా ఉంటుందో అంత పద్ధతిగా అంది. మన దగ్గర ఇంటికొచ్చిన కొత్త మనిషితో కూడా "మా నాన్నగారు ఊళ్లో లేరండి" అంటాం. ఎవరితో మాట్లాడుతున్నా నాన్నగారు నాన్నగారే, ఆయన గౌరవం మారదు.

జపాన్‌లో ఆ గౌరవం వినేవాడిని బట్టి మారుతుంది. ఆఫీసు లోపల మేనేజర్‌ని పైన పెట్టి మాట్లాడాలి. క్లయింట్ ఫోన్లో ఉన్నప్పుడు మేనేజరూ నేనూ ఒకే గడప లోపలివాళ్లం, క్లయింట్ బయటివాడు. అప్పుడు మేనేజర్ పేరుకి "సన్" తీసేసి, ఆయన చేసే పనికి వినయ రూపం వాడి, "తదైమ సెకి ఒ హజుషితె ఒరిమసు", ప్రస్తుతం సీట్లో లేరు అని చెప్పాలి. ఇంట్లో "ఒతోసన్" అని పిలిచే నాన్నని బయటివాళ్ల ముందు "చిచి" అనడం కూడా ఈ పద్ధతే.

ఇది చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు ఒప్పుకోలేదు. "సెన్సెయ్, మా మేనేజర్ పక్కనే కూర్చుని వింటుంటే ఆయన పేరు గారు లేకుండా ఎలా అనను?" అంది. అది భాష రాకపోవడం కాదు, పెంపకం. అందుకే మేనేజర్‌ని కూడా కూర్చోబెట్టి, ఆయన ఎదుటే అలా మాట్లాడించాను. ఆయన నవ్వుతూ తలూపాక గానీ ఆమెకి నోరు రాలేదు.

ఏం చేశాం

మేనేజర్ మొదట అడిగింది, క్లయింట్‌కి క్షమాపణ మెయిల్ పంపుదామా అని. వద్దన్నాను. మనం క్షమాపణ పంపితే వాళ్లు అంతకంటే పెద్ద క్షమాపణతో జవాబివ్వాల్సి వస్తుంది, ఇద్దరి మధ్య దూరం ఇంకా గట్టిపడుతుంది. ఒక కాల్ చివర, మాటల్లో మాటగా, మా జపనీస్‌లో మీకు నొచ్చుకునేలా ఏమైనా ఉండి ఉంటే అది భాష తప్పేనని ఆమే ఒక్క ముక్క చెబితే చాలన్నాను. అలాగే చెప్పింది. అవతలి మనిషి ఊరట పడ్డట్టు మాట్లాడాడు. క్వాలిటీ విభాగం గురించి రాసిన వాక్యం మీద తమ దగ్గర చర్చ జరిగిందని అప్పుడే బయటపెట్టాడు.

శిక్షణలో మర్యాద పదాల పట్టిక జోలికి వెళ్లలేదు. అది ఆమెకి కంఠతా వచ్చు. జేఎల్‌పీటీలో రాసే పరీక్షా లేదు, మాట్లాడే పరీక్షా లేదు, ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తించడమే. 1984లో మొదలైన ఆ పరీక్షని 2010లో ఐదు స్థాయిలుగా మార్చినప్పుడు కూడా ఈ పద్ధతి మారలేదు. కాబట్టి ఎన్2 వచ్చిన మనిషి గౌరవ రూపాలని చూస్తే గుర్తుపడతారు. తాము రాసే వాక్యంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకునే అలవాటు ఆ చదువులో రాదు.

అందుకని ఆమె పాత రిపోర్టులే పాఠ్యపుస్తకం చేశాను. ప్రతి క్రియ దగ్గర ఆగి ఒకే ప్రశ్న: ఇందులో నువ్వెక్కడ ఉన్నావు? చేసినదానివా, పొందినదానివా, ఇబ్బంది పడ్డదానివా, లేక అసలు లేవా? క్లయింట్ ఎక్కడ ఉన్నాడు? నీ టీమ్ గడప లోపలా, బయటా? జవాబు తెలుగులో మార్జిన్‌లో రాసి, తర్వాతే క్రియ ఎంచుకోవాలి. మొదట్లో ఒక పేరా దిద్దడానికి చాలాసేపు పట్టేది.

ఇంకో మార్పు, రిపోర్టు ఇంగ్లీషులో ఆలోచించకుండా తెలుగులో ఆలోచించమన్నాను. దీనికి బలమైన కారణం ఒక చిన్న సంఘటన. క్లయింట్ ఒకసారి "కొన్షూ చూ ని గొకకునిన్ ఇతదకెరు తొ తసుకరిమసు" అని రాస్తే, టీమ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, వీలైతే చూడమన్నాడు అనుకుని పక్కన పెట్టింది. అదే వాక్యాన్ని తెలుగులో పెట్టి చూడండి: "ఈ వారంలోగా చూసి చెబితే బాగుంటుంది." మన ఆఫీసుల్లో పైవాళ్లు ఈ మాట అంటే ఎవరైనా శుక్రవారం దాకా ఊరుకుంటారా? "అయితే బాగుంటుంది" అనడం ఆజ్ఞ అని మనకి పుట్టుకతో తెలుసు. ఇంగ్లీషు మీదుగా వెళ్లడం వల్ల ఆ తెలివి దారిలో పోతోంది. "ట్టున్నారు", "మార్చేశారు" కూడా అంతే, తెలుగు చెవికి అందేవే. తెలుగు మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి: "చేసిస్తాను" ఒకటి, సొంతవాళ్లకి "గారు" ఒకటి, క్రియ చివర కర్త ఉంటుందన్న ధీమా ఒకటి. ఆ మూడింటినీ ఎర్రసిరాతో రాసిపెట్టుకోమన్నాను.

మధ్యలో వచ్చిన కొత్త చిక్కు

కొంత కాలానికి రిపోర్టుల్లో "ససెతె ఇతదకిమసు" విపరీతంగా కనబడటం మొదలైంది. మర్యాద ఎక్కువైనా నష్టం లేదనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఒక వారం ఆమె "నోకి ఒ ఇష్షూకన్ ఒకురసెతె ఇతదకిమసు" అని డ్రాఫ్ట్ రాసింది. డెలివరీ ఒక వారం ఆలస్యం చేస్తున్నాం అని, అత్యంత వినయంగా. అది పంపకుండా ఆపాను.

"ససెతె ఇతదకు" చెప్పేది, మీరు అనుమతి ఇచ్చారు, దానివల్ల నాకు మేలు జరిగింది అని. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల మండలి 2007లో ఇచ్చిన గౌరవ భాషా మార్గదర్శకాలు కూడా ఇది ప్రాథమికంగా ఈ రెండు షరతులున్న చోట వాడేదని చెబుతాయి. ఆ మార్గదర్శకాలే గౌరవ భాషని అంతకుముందున్న మూడు రకాల నుంచి ఐదు రకాలుగా విడదీశాయి. అందులో వినయ రూపాలని రెండుగా చీల్చడం నాకు క్లాసులో చాలా ఉపయోగపడింది. "ఉకగఉ" అనే రూపం నేను ఎవరి దగ్గరికి వెళ్తున్నానో వాళ్లని పైకెత్తుతుంది. "మైరు" అన్నా వెళ్లడమే, కానీ అది వినేవాళ్ల పట్ల వినయం మాత్రమే. మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నానని క్లయింట్‌తో చెప్పేటప్పుడు "ఉకగఉ" అంటే తమ్ముణ్ణి క్లయింట్ ముందు గద్దె మీద కూర్చోబెట్టినట్టే.

మన డ్రాఫ్ట్ సంగతికి వస్తే, క్లయింట్ ఇంకా అనుమతి ఇవ్వలేదు. ఇవ్వని అనుమతిని ఇచ్చినట్టు రాస్తే అది వినయపు ముసుగులో ఉన్న నిర్ణయం. చదివేవాడు ఇక కాదనడానికి చోటు లేదు. "ఇష్షూకన్ హొదొ నొబషితె ఇతదకు కొతొ వ కనో దెషో క" అని మార్చాం. ఒక వారం పొడిగించడం మీకు వీలవుతుందా అని. ఇందులోనూ "ఇతదకు" ఉంది. కానీ పొడిగించేది వాళ్లు, పొందేది మనం, ఇంకా జరగలేదు, అడుగుతున్నాం. వాక్యం నిజం చెబుతోంది. ఆ తర్వాత నుంచి ఆమె గౌరవ రూపాన్ని అలంకారంగా కాకుండా, నిజమా అబద్ధమా అని చూసుకోవడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఈ కేసులో మలుపు అక్కడే ఉంది.

ఫలితం, మిగిలిన పని

తర్వాతి నెలల్లో క్లయింట్ జవాబులు మళ్లీ పొట్టివయ్యాయి. చాట్‌లో సందేహాలు రావడం మొదలైంది. సీసీలో పైవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తగ్గాయి. ఇదంతా మా శిక్షణ వల్లే అనడం న్యాయం కాదు. అదే సమయంలో స్పెసిఫికేషన్ మార్పులు కూడా తగ్గాయి, రెండు వైపులా ఒత్తిడి తగ్గింది. కానీ రిపోర్టు మీద అడగని క్షమాపణ మాత్రం మళ్లీ రాలేదు.

మాట్లాడేటప్పుడు ఇంకా పని మిగిలే ఉంది. కాల్‌లో క్లయింట్ ఒక విషయం అడిగితే ఆమె "సొరె వ షియో దెసు యొ" అంటుంది. అది స్పెసిఫికేషనేనండి అన్న ఉద్దేశంతో. మన "అండి"కి సమానంగా ఆమె "యొ" పట్టుకుంది. "అండి" మాటని మెత్తబరుస్తుంది. "యొ" మీకు తెలియనిది నేను చెబుతున్నాను అంటుంది. స్పెసిఫికేషన్ ఇచ్చిన మనిషికే దాన్ని తెలియజేస్తే ఎలా ఉంటుంది? అలాగే క్లయింట్ సర్వర్ ఎక్కడుందో, వాళ్ల సెలవులు ఎప్పుడో చెప్పేటప్పుడు చివర "నె" లేకపోతే వాళ్ల ఇంటి సంగతి మనం ప్రకటించినట్టు ఉంటుంది. భాషా శాస్త్రవేత్త అకియొ కమియొ దీన్ని సమాచారపు ఇలాకాల ఆధారంగా వివరించారు: ఒక సంగతి మాట్లాడేవాడి ఇలాకాలో ఉందా, వినేవాడి ఇలాకాలో ఉందా అన్నదాన్ని బట్టి వాక్యం చివర మారుతుంది. మన "కదా", "కదండీ" కొంత దగ్గరగా వస్తాయి, కానీ వాటిని వదిలేసినా తెలుగులో కొంప మునగదు.

రాసేటప్పుడు ఆగి ఆలోచించొచ్చు, ఫోన్లో ఆ వీలు లేదు. అందుకే ఇప్పుడు ఆమె తన కాల్ రికార్డింగులు విని, ప్రతి వాక్యం చివర ఆపి, ఈ విషయం ఎవరి ఇలాకాలోదో రాసుకుంటోంది. షెడ్యూలు, టెస్టింగు విషయాల్లో "నె", "యొ" సరిగ్గా పడుతున్నాయి. బగ్ ఎవరి వైపు నుంచి వచ్చిందన్న మాట వచ్చినప్పుడు టెన్షన్‌లో ఇంకా "యొ" జారుతోంది. ఆ కాల్స్ ఒక్కటే విడిగా తీసి వచ్చే నెలంతా వాటి మీదే కూర్చుంటున్నాం.